అతికిన రెక్కకు వేట పాఠం

ఉత్తరాయణం రోజున సూరత్‌లో తలెత్తి చూస్తే ముందు గాలిపటాలు కనబడతాయి, తర్వాత దారాలు, ఆ తర్వాతే ఆకాశం. లింబాయత్‌లో ఒక మిద్దె మీద నిలబడి ఆ సందడి చూస్తున్నాం. ఆ ఇంటివాళ్లది సిరిసిల్ల. రెండు తరాల కింద మరమగ్గాల పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పద్మశాలి కుటుంబం. సూరత్‌లో ఇలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. మిద్దె మీద గుజరాతీ పాటలు, మెట్ల మీద తెలంగాణ తెలుగు, చేతుల్లో ఉంధియు పళ్లేలు.

సాయంత్రం నాలుగు దాటాక పక్కింటి నీళ్ల ట్యాంకు మీద ఏదో దబ్బున పడింది. పావురం అనుకున్నాం. పిల్లలు తువ్వాలు కప్పి తెచ్చాక చూస్తే, ఇటుక రంగు వీపు మీద నల్ల చుక్కలు, కంటి కింద చెరిగిన కాటుకలా ఒక గీత, వంకీ తిరిగిన చిన్న ముక్కు. కెస్ట్రెల్. చలికాలం గడపడానికి మన దేశానికి వచ్చే చిన్న డేగ. ఎడమ రెక్క ముందంచున చర్మం చీరి ఉంది. ఈకల్లో రంగు మాంజా చిక్కుకుని ఉంది. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, చీకటిగా ఉండేలా మూసి, 1962కు ఫోన్ చేశాం. గుజరాత్‌లో గాయపడ్డ జంతువులకూ పక్షులకూ అంబులెన్స్ నంబరు అది.

ఎదురుచూస్తున్నంతసేపూ పిల్లలు ఒకటే అడిగారు, కుట్లు వేస్తే మళ్లీ ఎగురుతుందా అని. ఎగురుతుందన్నాను. గోడకానుకుని కూర్చున్న ఇంటి పెద్దాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఎగిరితే సాలదు గద బిడ్డా. దానికి తిండి దొర్కాలె."

ఆయన ఒక్క మాటలో అడిగిన ఈ ప్రశ్నతోనే పక్షి వైద్యులు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నారు. పావురం, కొంగ, కోకిల ఎగరగలిగితే చాలావరకు బతికేస్తాయి. డేగ సంగతి వేరు. అది తప్పించుకోవాలని శాయశక్తులా ప్రయత్నించే మరో ప్రాణిని వెంటాడి పట్టుకుంటేనే ఆ పూట తిండి. అతికిన రెక్కతో ఆ పని చేయగలదో లేదో తెలుసుకోవడం ఎలా? చేయలేకపోతే నేర్పడం ఎలా? దీనికి జవాబు ఆధునిక పశువైద్యంలో కంటే ముందు మరోచోట దొరికింది. రాజులు, జమీందార్లు సరదా కోసం పోషించిన డేగవేటలో.

దారం చేసే పని

ముందు గాయం సంగతి. మాంజా అంటే జిగురులో కలిపిన గాజుపొడి పట్టించిన దారం. సూరత్ మాంజాకు గుజరాత్ అంతటా పేరుంది. ఎగిరే పక్షికి అది తగిలినప్పుడు ఏమవుతుందో రఫ్‌గా లెక్క కట్టవచ్చు. 200 గ్రాముల పక్షి సెకనుకు 12 మీటర్ల వేగంతో వచ్చి, బిగుతుగా ఉన్న దారానికి తగిలి, 30 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోయిందనుకుందాం. సగటున దాదాపు 48 న్యూటన్ల బలం, అంటే ఐదు కిలోల బరువు వేలాడదీసినంత. అది రెక్క అంచున రెండు సెంటీమీటర్ల పొడవు, మూడో వంతు మిల్లీమీటరు మందం ఉన్న సన్నటి గీత మీద పడితే ఆ పీడనం వాతావరణ పీడనానికి 70, 80 రెట్లు. పైగా దారం నిలకడగా ఉండదు, రంపంలా కదులుతుంది. గాజు చేసే నష్టం ఈ లెక్కకు అదనం.

దెబ్బ పడే చోటు కూడా పాడు చోటే. పక్షి రెక్కలో భుజానికీ మణికట్టుకూ మధ్య, ముందంచున పలుచని చర్మపు పొర ఉంటుంది. దాని అంచు వెంబడి ఒక స్నాయువు సాగుతుంది. విమానం రెక్క ముందంచు ఎంత నునుపుగా, ఎంత సరైన వంపుతో ఉండాలో ఇదీ అలాగే ఉండాలి. గాలి రెండుగా చీలేది అక్కడే. ఆ పొర తెగితే కుట్టవచ్చు. కానీ మానిన చర్మం ముడుచుకుంటుంది, స్నాయువు బిగుసుకుంటుంది, రెక్క పూర్తిగా చాచుకోదు. వైశాల్యం పది శాతం తగ్గితే, అదే బరువును మోయడానికి పక్షి కనీస వేగం ఐదు శాతం పెరగాలి. అంతకన్నా పెద్ద చిక్కు, తగ్గింది ఒక రెక్కలోనే. శరీరం ఒక పక్కకు ఒరిగిపోతూ ఉంటే, ప్రతి మలుపులోనూ రెండో రెక్క ఆ తేడాను సరిదిద్దుతూ పోవాలి.

గాజు పూత ఉన్న సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. గుజరాత్ ప్రభుత్వం అదే ఏడాది నుంచి ఉత్తరాయణం రోజుల్లో 'కరుణా అభియాన్' పేరుతో పక్షుల రక్షణ శిబిరాలు నడుపుతోంది. అటవీశాఖ, పశువైద్యులు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి పనిచేస్తారు. పక్షులు గూళ్ల నుంచి బయల్దేరే ఉదయం వేళ, తిరిగి చేరే సాయంత్రం వేళ గాలిపటాలు ఎగరేయొద్దని కోరుతుంటారు. మా మిద్దె మీద మాత్రం నాలుగు దాటాకే జోరు పెరిగింది.

చిలకకు చుట్టం

తెలుగులో డేగ అనే మాట ఒక్కటే అయినా, అందులో రెండు వేర్వేరు కుటుంబాలున్నాయి. మన ఊళ్లలో తరచూ కనిపించే షిక్రా గద్దల వంశంలోది. కెస్ట్రెల్, తురుమ్తీ, బైరి, ఏటా నాగాలాండ్ మీదుగా ఆఫ్రికాకు వెళ్లే అముర్ డేగ, ఇవన్నీ మరో వంశం. వీటి పైముక్కు అంచున చిన్న పన్ను లాంటి మొన ఉంటుంది. దానితో ఎర మెడ వెన్ను తుంచేస్తాయి. జన్యువుల లెక్కన చూస్తే ఈ రెండో వంశం గద్దల కంటే చిలకలకు దగ్గర చుట్టమని గత ఇరవై ఏళ్ల పరిశోధనలు తేల్చాయి. మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. వీటి చురుకైన చూపు, ఆటకాయతనం చూశాక నమ్మడం అంత కష్టమేం కాదు.

వీటిలో చిన్నవాటికి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. శరీరం చిన్నదవుతున్న కొద్దీ గ్రాముకు ఖర్చయ్యే శక్తి పెరుగుతుంది. జీవుల శక్తి వాడకం బరువుకు ముప్పావు ఘాతంగా పెరుగుతుందనే క్లైబర్ సూత్రం ప్రకారం, 200 గ్రాముల కెస్ట్రెల్ ప్రతి గ్రాముకూ, కిలో బరువుండే బైరి కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. రోజూ తన బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తినాలి. అరవై కిలోల మనిషి రోజుకు పన్నెండు, పదిహేను కిలోలు తినడంతో సమానం. పెద్ద గద్ద వరసగా రెండు రోజులు వేట తప్పినా తట్టుకుంటుంది. చిన్న డేగకు రెండో రోజే గండం. కండ కరుగుతుంది, వేగం తగ్గుతుంది, వేట మళ్లీ తప్పుతుంది.

అందుకే, పంజరంలో అటూ ఇటూ ఎగురుతోంది కదా అని తలుపు తీసేస్తే, వదిలినవాళ్లకు కళ్లముందు అది చెట్లు దాటి వెళ్లిన దృశ్యం మిగులుతుంది. ఫొటో కూడా బాగా వస్తుంది. నాలుగో రోజు ఏమైందో ఎవరూ చూడరు.

సాళువలు, పాలపిట్టలు

డేగను పట్టి, మచ్చిక చేసి, వేటాడించి, మళ్లీ వదిలేసే విద్య మన ప్రాంతానికి కొత్తదేం కాదు. కల్యాణి రాజధానిగా పాలించిన పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో రాయించిన 'మానసోల్లాసం'లో రాజుల వినోదాల మధ్య డేగవేటకూ చోటుంది. ఆ రాజధానే నేటి బీదర్ జిల్లా బసవకల్యాణ్, తెలంగాణ సరిహద్దుకు దగ్గర. 16వ శతాబ్దంలో కుమావూఁ రాజు రుద్రదేవుడు ఈ విద్య మీదే 'శ్యైనిక శాస్త్రం' అని ఒక పుస్తకం రాశాడు. అబుల్ ఫజల్ 'ఆయినే అక్బరీ'లో ఏ జాతి డేగకు ఎంత ధర, రోజుకు ఎంత మాంసం అన్నది కూడా నమోదైంది. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరు మనకు చరిత్ర పాఠాల్లో తెలుసు. సాళువ అంటే వేటడేగ అని మాత్రం చాలామందికి గుర్తుండదు.

సూరత్ నుంచి ఈ కథ దగ్గర్లోనే ఉంది. హజీరా రేవులో రోపాక్స్ ఓడ ఎక్కితే ఖంభాత్ సింధుశాఖ దాటి అవతల ఘోఘాలో దింపుతుంది. అక్కడి నుంచి భావనగర్ కూతవేటు దూరం. ఆ సంస్థానపు రాజకుటుంబంలో పుట్టిన ధర్మకుమార్‌సింహ్‌జీ డేగలను పెంచి వేటాడినవాడు, మంచి పక్షి శాస్త్రజ్ఞుడు కూడా. 1950ల్లో వెలువడిన ఆయన 'బర్డ్స్ ఆఫ్ సౌరాష్ట్ర' ఆ ప్రాంతపు పక్షుల మీద ఇప్పటికీ తిరగేసే పుస్తకం. డేగను చేతి మీద మోసిన మనిషికి పక్షి ప్రవర్తన దుర్భిణీతో చూసేవాళ్లకు అందనంత దగ్గర నుంచి తెలుస్తుంది. ఎప్పుడు భయపడుతోంది, ఎప్పుడు ఆకలితో ఉంది, ఎప్పుడు ఊరికే ఆడుతోంది అన్నవి ఈకల నిక్కు చూసే చెప్పగలడు.

ఈ వేటలో చిన్న డేగలకు ఒక ప్రత్యేకమైన పాత్ర ఉండేది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేస్తూ, కొంతకాలం నెల్లూరులోనూ ఉన్న టి.సి. జెర్డన్ 19వ శతాబ్దంలో రాసిన పక్షుల పుస్తకంలో తురుమ్తీ గురించి చెబుతాడు. తల ఇటుక ఎరుపు, ఒళ్లు బూడిద రంగు, పావురం కంటే చిన్నది. దాన్ని ముఖ్యంగా పాలపిట్టల మీద వదిలేవారు. పాలపిట్ట తేలిగ్గా దొరికే రకం కాదు. వెంటబడితే గాల్లోనే పల్టీలు కొట్టి, నిట్టనిలువునా పడి, చివరి క్షణంలో దిశ మార్చేస్తుంది. అందుకే తురుమ్తీ చాలాసార్లు ఖాళీ కాళ్లతో తిరిగొచ్చేది. చూసేవాళ్లకు ఆ వెంటాటే వినోదం. ఇప్పుడు పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని నమ్ముతాం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి దాన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో తిప్పేవాళ్లూ ఉన్నారు. తురుమ్తీ వెంటపడటమే దానికి మేలేమో అనిపిస్తుంది, కనీసం తప్పించుకునే అవకాశం ఉండేది.

ఇక్కడ మనకు పనికొచ్చే వివరం ఒకటుంది. పాతకాలపు వేటగాళ్లు చాలాచోట్ల డేగను జీవితాంతం ఉంచుకునేవాళ్లు కాదు. వలస వచ్చే పిల్లడేగను పట్టి, ఆ కాలమంతా వేటాడించి, ఈకలు రాలే ముందు వదిలేసేవాళ్లు. ట్యునీసియాలో ఎల్ హవారియా అనే ఊళ్లో, టర్కీ నల్లసముద్ర తీరంలో చిన్న డేగలతో ఇప్పటికీ ఇదే పద్ధతి. పూరేళ్ల వేట అయ్యాక పక్షిని గాల్లోకి వదిలేస్తారు. ఇందులో దయ కంటే లెక్క ఎక్కువ, ఏడాది పొడవునా మేపే ఖర్చెవరు భరిస్తారు? పక్షి వైపు నుంచి చూసినా లెక్క ఉంది. డేగ పిల్లల్లో సగానికి పైగా మొదటి ఏడాది దాటవు, చాలావరకు ఆకలితోనే పోతాయి. ఆ గడ్డుకాలాన్ని మనిషి తిండితో గట్టెక్కి, వేటలో చేయి తిరిగాక బయటికెళ్లిన పక్షికి బతికే అవకాశం మెరుగే.

గొప్పలు మాత్రమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. కొత్తగా పట్టిన డేగ బెదరకుండా ఉండాలని కనురెప్పలకు దారం కుట్టే ఆచారం పాత డేగవేటలో ఉండేది. పట్టేటప్పుడు, మోసుకెళ్లేటప్పుడు ఎన్ని పక్షులు చచ్చేవో ఎవరూ రాసిపెట్టలేదు. పనికొచ్చేది తీసుకోవచ్చు గానీ, ఆ కాలాన్ని తిరిగి కోరుకోనక్కర్లేదు.

తూకం, తాడు, ఎర

మరి ఆ విద్యలో గాయపడిన పక్షికి పనికొచ్చేదేమిటి? మొదట తూకం. డేగకు మనిషి మీద ప్రేమ పుట్టదు, కుక్కలా మెప్పు కోసం పనిచేయదు. దాన్ని చేతి మీదికి రప్పించేది ఆకలి ఒక్కటే. కడుపు నిండితే చెట్టెక్కి కూర్చుంటుంది, మరీ ఎండగడితే నీరసించి పడిపోతుంది. ఈ రెంటి మధ్య పనిచేసే బరువు ఒకటి ఉంటుంది. పెద్ద డేగలో ఆ వెసులుబాటు పదుల గ్రాములు, చిన్నదానిలో నాలుగైదు గ్రాములే. అందుకే చిన్న డేగలను రోజుకు రెండుసార్లయినా గ్రాము తేడా రాకుండా తూస్తారు. వంటింటి డిజిటల్ త్రాసు మీద చిన్న కొయ్య బిగిస్తే సరిపోతుంది. త్రాసులు లేని రోజుల్లో వేళ్లతో ఛాతీ ఎముక తడిమి చూసేవాళ్లు. ఎముక అంచు కత్తిలా తగిలితే తిండి తక్కువైనట్టు, కండలో కూరుకుపోతే ఎక్కువైనట్టు. పక్షి వైద్యులు ఈనాటికీ చేసే మొదటి పరీక్ష అదే.

తర్వాత తాడు. కాలి పట్టీలకు పొడవాటి తేలికైన తాడు కట్టి, మైదానంలో ఒక కొయ్య మీద నుంచి చేతి మీదికి పిలుస్తారు. మొదటి రోజు రెండు మీటర్లు, వారానికి ముప్పై, ఆ తర్వాత ఇంకా ఎక్కువ. వేటగాడికి ఇది విధేయత పరీక్ష. వైద్యుడికి అదే తాడు రెక్కకు పెట్టే పరీక్ష. రెండు రెక్కలూ ఒకే ఎత్తుకు లేస్తున్నాయా? దిగేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతోందా? పదో సారి పిలిచినప్పుడు నోరు తెరిచి రొప్పుతోందా, ఎంతసేపటికి సర్దుకుంటోంది? అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1974లో మొదలైన రాప్టర్ సెంటర్ ఈ తాటి కసరత్తును పునరావాస పద్ధతిగా మార్చడంలో ముందు నడిచింది. కొన్నిచోట్ల ఎగిరిన తర్వాత చుక్క రక్తం తీసి లాక్టేట్ ఎంత పెరిగిందో, ఎంత త్వరగా దిగిందో కూడా కొలుస్తారు. పరుగు పందెం క్రీడాకారులకు చేసే పరీక్షే ఇది.

విరిగిన ఈకల చికిత్స కూడా వేటగాళ్లదే. పెద్ద ఈక విరిగితే మళ్లీ మొలవడానికి ఈకలు రాల్చే కాలం దాకా ఆగాలి. అన్నాళ్లు పంజరంలో ఉంటే కండ తరిగిపోతుంది. కాబట్టి విరిగినచోట సమంగా కత్తిరించి, అదే జాతి పక్షి రాల్చిన పాత ఈకను తెచ్చి, రెండు బోలు కాడల మధ్య సన్నని వెదురు పుల్ల దూర్చి జిగురుతో అతికిస్తారు. ఈక చచ్చిన పదార్థమే కాబట్టి నొప్పి ఉండదు. తర్వాత కొత్త ఈక మొలిచినప్పుడు ఈ అతుకు తనంతట తానే ఊడిపోతుంది. గాలిలో రెక్క వంపు ప్రతి కొట్టుకూ మారుతూ ఉంటుంది. ఆ వంపును పట్టుకోవాలంటే అతుకు ఎక్కువ బిరుసుగా ఉండకూడదు, మరీ మెత్తగానూ ఉండకూడదు. వెదురుకు శతాబ్దాల నుంచీ ఆ పేరు రావడం ఊరికే కాదు. ఇప్పుడు కొందరు కార్బన్ ఫైబర్ కూడా వాడుతున్నారు.

చివరికి ఎర. తోలుముక్కకు ఈకలు కట్టి, మాంసం తగిలించి, దారంతో గిరగిరా తిప్పుతారు. డేగ దూసుకొచ్చినప్పుడు చివరి క్షణంలో లాగేస్తారు. అది మలుపు తిరిగి మళ్లీ వస్తుంది. పది, ఇరవై, ముప్పై సార్లు. ఇక్కడే సూరత్ మనిషి నవ్వుకోవాల్సిన సంగతి ఒకటుంది. గల్ఫ్ దేశాల్లో, అమెరికాలో డేగలకు ఎత్తుకు ఎగరడం నేర్పడానికి ఎరను గాలిపటం దారానికి తగిలిస్తారు. మొదట మనిషి ఎత్తున, తర్వాత కొబ్బరిచెట్టు ఎత్తున, ఆపైన వంద మీటర్లు, ఇంకా పైన. డేగ ఎక్కివచ్చి ఎరను తన్నుకోగానే క్లిప్పు ఊడి, ఎరతో సహా కిందికి జారుతుంది. దారం లావుగా ఉంటుంది, గాజుపొడి ఉండదు. అదే గాలి, అదే కాగితమో గుడ్డో. ఒకచోట రెక్క తెగుతోంది, ఇంకోచోట దాంతోనే రెక్కకు బలం వస్తోంది.

ఈ కసరత్తు ఎంత గట్టిదో చూడండి. 200 గ్రాముల పక్షి నిమిషంలో వంద మీటర్లు ఎక్కితే గురుత్వాకర్షణకు ఎదురుగా చేసిన పని దాదాపు 200 జౌళ్లు, అంటే మూడు వాట్లకు పైగా సామర్థ్యం. చిన్న అంకెలా కనబడుతుంది. అరవై కిలోల మనిషికి అదే నిష్పత్తిలో పెడితే నిమిషంలో ముప్పైమూడంతస్తులు మెట్లెక్కినట్టు. పది అడుగుల పంజరంలో ఎన్ని నెలలున్నా ఈ శక్తి రాదు.

క్షిపణి లెక్క

బలం వచ్చినా వేట రాదు. 2017లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బైరి డేగలకు జీపీఎస్, చిన్న కెమెరాలు కట్టి, ఎరను ఎలా అందుకుంటున్నాయో కొలిచారు. క్షిపణుల్లో వాడే 'అనుపాత మార్గనిర్దేశం' అనే సూత్రానికి వాటి మార్గం సరిపోయింది. పేరు బరువుగా ఉంది గానీ విషయం తేలిక. బస్టాండులో కదిలే బస్సును పట్టుకోవాలంటే బస్సు ఉన్న చోటికి పరుగెత్తం, అది వచ్చే చోటికి పరుగెత్తుతాం. బస్సు మన చూపులో ఒకే దిక్కున నిలిచి, దగ్గరవుతూ ఉంటే మన దారి సరైనది. అది పక్కకు జరుగుతోందంటే, ఎంత వేగంగా జరుగుతోందో దానికి తగ్గ నిష్పత్తిలో మన దారినీ తిప్పాలి. డేగ చేసేది అదే. ఆ నిష్పత్తి క్షిపణుల్లో సాధారణంగా వాడేదాని కంటే కాస్త తక్కువని, డేగ వేగానికి అది తగినదని తేలింది. మరుసటి ఏడాది వచ్చిన కంప్యూటర్ నమూనా ఒకటి, ఎత్తు నుంచి మహావేగంతో దూకడం వల్ల లాభం రావాలంటే ఈ నిష్పత్తి సరిగ్గా కుదరాలని చూపించింది. తేడా వస్తే ఆ వేగమే నష్టం.

సూత్రం పుట్టుకతో వస్తుందనుకున్నా, దాని సర్దుబాటు శరీరాన్ని బట్టి ఉంటుంది. ఎడమ రెక్క కొంచెం పొట్టిదైన డేగకు ఎడమ మలుపు, కుడి మలుపు ఒకేలా ఉండవు. పాత లెక్కతో వెళితే జానెడు దూరంలో తప్పిపోతుంది. కొత్త శరీరానికి కొత్త లెక్క కట్టుకోవాలి. దానికి వందల ప్రయత్నాలు కావాలి. తప్పిపోయినప్పుడల్లా ఆకలితో మాడకుండా చూసుకునే మనిషి పక్కన కావాలి. డేగతో వేటాడటం అనే పాత సరదాకు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు తోచదు.

కెస్ట్రెల్‌కు ఇది ఇంకొంచెం వేరుగా ఉంటుంది. అది వెంటాడదు, గాల్లో నిలబడుతుంది. గాలి ఎంత వేగంతో వీస్తోందో సరిగ్గా అంతే వేగంతో ఎదురు ఎగురుతుంది. రెక్కలు, తోక నిరంతరం కదులుతున్నా తల మాత్రం కొద్ది మిల్లీమీటర్లకు మించి కదలదు. గడ్డిలో ఎలుక, తొండ, మిడత కదిలితే అప్పుడు దిగుతుంది. ఆ నిలుపుకు రెండు రెక్కల మధ్య సమతూకం ప్రాణం. ఒకటి బిగుసుకుపోతే తల ఊగుతుంది, చూపు చెదురుతుంది. కొయ్య మీద కూర్చుని కనిపెట్టే వేట దానికి తేలిక. చలికాలంలో శక్తి పొదుపు కోసం అడవి కెస్ట్రెళ్లు కూడా ఆ దారి పడతాయి. అందుకే కోలుకున్న కెస్ట్రెల్‌ను స్తంభాలు, కంచె రాళ్లు ఉన్న పొలాల దగ్గర వదలడం మంచిది.

గూటిలోంచి పడిపోయిన పిల్లల విషయంలో ఈ శిక్షణ అసలు పనికిరాదు. మనిషి చేతి తిండి తిని పెరిగిన పిల్ల మనిషినే తల్లి అనుకుంటుంది. వాటికి వేటగాళ్లదే ఇంకో పద్ధతి ఉంది, హ్యాకింగ్ అంటారు. కంప్యూటర్లతో సంబంధం లేదు, మాట ఇదే పాతది. ఎత్తయిన చోట పెట్టె కట్టి, మనిషి కనబడకుండా తిండి అందిస్తారు. రెక్కలు వచ్చాక తలుపు తీసేస్తారు. పిల్లలు ఎగిరి, ఆడి, వేట నేర్చుకుంటూ, దొరకని రోజు తిండికి పెట్టె దగ్గరికే వస్తాయి. ఒక రోజు రావడం మానేస్తాయి. డీడీటీ వల్ల అమెరికా తూర్పు ప్రాంతంలో పూర్తిగా మాయమైన బైరి డేగలను 1970ల నుంచి ఇలాగే తిరిగి నిలబెట్టారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆ పని మొదలుపెట్టిన టామ్ కేడ్ స్వయంగా డేగవేటగాడు. నాలుగు వేలకు పైగా పిల్లలను వదిలాక, 1999లో ఆ పక్షిని అక్కడి అంతరించే జీవుల జాబితా నుంచి తీసేశారు.

చిన్న డేగల్లో ఇంతకన్నా గొప్ప కథ మారిషస్‌ది. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే ఆ దీవిలో తెలుగువాళ్లు 19వ శతాబ్దం నుంచీ ఉన్నారు, ఈ డేగ కథ మాత్రం మనకు పెద్దగా చేరలేదు. 1974 నాటికి అడవిలో తెలిసిన మారిషస్ కెస్ట్రెళ్లు నాలుగే. కార్ల్ జోన్స్ అనే వేల్స్ జీవశాస్త్రవేత్త 1970ల చివర అక్కడికి వెళ్లి, గుడ్లు తీసి పొదిగించి, అడవి జంటలకు అదనపు తిండి పెట్టి, పిల్లలను హ్యాకింగ్ పద్ధతిలో వదిలాడు. చిన్నప్పటి నుంచి డేగలను పెంచిన అనుభవమే ఆయన పెట్టుబడి. ఇప్పుడవి వందల్లో ఉన్నాయి.

చట్టం మధ్యలో ఒక ఖాళీ

మన దేశంలో ఈ దారి సగం వరకే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం డేగను పట్టడం, ఉంచుకోవడం, దానితో వేటాడటం నేరం. ఉండాల్సిందే. అడవి పక్షుల వ్యాపారం ఎంత పెద్దదో తెలిసినవాళ్లెవరూ ఆ తలుపు తెరవమనరు. డేగవేటను యునెస్కో 2010లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించినప్పుడు, ఆ తర్వాత దేశాలు చేరుతూ పోయినప్పుడు భారత్ ఆ జాబితాలో లేదు, అదీ సబబే. గాయపడ్డ పక్షిని అటవీశాఖ అనుమతితో చికిత్స చేసి వదలవచ్చు. కానీ విడుదలకు ముందు ఆఖరి పరీక్ష, అంటే నిజమైన ఎరను తనంతట తాను పట్టడం, ఇక్కడ పెట్టడం తేలిక కాదు. చాలాసార్లు ఎర కూడా రక్షిత ప్రాణే.

నా అభిప్రాయంలో చట్టాన్ని మార్చే అవసరం లేదు. మిగిలిన తొంభై శాతం మీద ఏ నిషేధమూ లేదు కదా. తూకం, తాటి కసరత్తు, ఎర, గాలిపటమో డ్రోనో, ఈకల అతుకు, అనుమతి ఉన్న కేంద్రాల్లో ఇవన్నీ చేయవచ్చు. వీటికి డబ్బు కంటే మనుషులు కావాలి, రోజూ ఒకే మనిషి, వారాల తరబడి. ఇక్కడ ఒక దారి ఇదివరకే ఉంది. బీహార్‌లో తరతరాలుగా పక్షులు పట్టి బతికిన మీర్‌షికార్లను బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1960ల్లోనే పనిలోకి తీసుకుంది, వలస పక్షులకు ఉంగరాలు తొడిగే పరిశోధనకు. దెబ్బ తగలకుండా పక్షిని పట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు. భావనగర్‌లో, ఇంకా ఇతర సంస్థానాల్లో డేగలను మోసిన కుటుంబాల చేతుల్లో ఉన్న విద్యకు అలాంటి రెండో జీవితం దొరకలేదు. ఆ తరం వెళ్లిపోయింది. మనవాళ్లు ఇప్పుడు అదే విద్యను ఇంగ్లీషు మాన్యువళ్లలో చదివి నేర్చుకోవాలి.

వదిలాక ఏమైందో తెలుసుకోవడం కూడా ఇప్పుడు అసాధ్యం కాదు. 2013లో నాగాలాండ్‌లోని పాంగ్టి దగ్గర భారత వన్యప్రాణి సంస్థ మూడు అముర్ డేగలకు ఐదు గ్రాముల సౌరశక్తి ట్రాన్స్‌మిటర్లు కట్టింది. నూటయాభై గ్రాముల పక్షులు అవి. దేశాన్ని అడ్డంగా దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికాకు చేరిన దారిని ఇంట్లో కూర్చుని చూశాం. ప్రతి ఉత్తరాయణం తర్వాత కోలుకుని బయటికెళ్లే డేగల్లో కొన్నింటికైనా అలాంటిది కడితే, నాలుగో రోజు సంగతి అంకెల్లో తెలుస్తుంది.

మా కెస్ట్రెల్ కోసం చీకటి పడుతుండగా ఇద్దరు కుర్రాళ్లు స్కూటర్ మీద వచ్చారు. పెట్టె తెరవకుండానే చిల్లులోంచి టార్చి వేసి చూసి, ఒక కాగితం మీద వివరాలు రాసుకున్నారు. పెద్దాయన వాళ్లను గుజరాతీలో ఏదో అడిగాడు. వాళ్లు నవ్వి, ముందు రక్తం ఆగనివ్వండి కాకా అన్నారు.

మర్నాడు తెల్లారి మిద్దె మీదికి వెళ్లేసరికి ఆయన అప్పటికే అక్కడ ఉన్నాడు. పొడవాటి వెదురు కర్రకు వంకీ కట్టి, కేబుల్ తీగలకూ ట్యాంకు పైపులకూ వేలాడుతున్న దారాలను ఒక్కొక్కటే లాగుతున్నాడు. మగ్గం మీద పోగు తెగితే ముడివేసిన చేతులు, చిక్కు ఎక్కడ మొదలైందో ఇట్టే పట్టేస్తున్నాడు. కాళ్ల దగ్గర గులాబీ రంగు దారపు ఉండ ఒకటి, కొబ్బరికాయంత అయింది.

"ఇంక ఆ వేపచెట్టు మీద ఉన్నయి బిడ్డా," అన్నాడు కర్ర నా చేతికిస్తూ. "నువ్వు ఎత్తున్నవ్ గద, అందుతయేమో చూడు."